సున్నా పెడితే తెలుగు

రత్నాబాయి ఆ సోమవారం తప్పుగా చదివిన మాట రాగం. తెలుగులో రాగమంటే పాటకు సంబంధించింది. మరాఠీలో రాగ్ అంటే కోపం. బొంబాయి కామాటిపురా పదకొండో గల్లీలో పుట్టి, అరవై రెండేళ్ళుగా అవే చెక్క మెట్లు ఎక్కి దిగుతున్న మనిషికి మరాఠీ రాక కాదు. కూరగాయల బండి దగ్గర, బస్సులో, ఆస్పత్రి కిటికీ ముందు ఆమె మాట్లాడేది మరాఠీయే. అయినా తొమ్మిదో తరగతి చదివే దర్శన తన నోట్‌బుక్‌లో రాసిన ఆ ఒక్క మాటను ఆమె తెలుగుగా చదివింది. ఆ పిల్ల మీదికి ముప్పు వచ్చింది అక్కడి నుంచే.

రత్నాబాయి బైండింగు మనిషి. తాత పాలమూరు నుంచి సున్నం పనికి బొంబాయి వచ్చాడు. తండ్రి మేస్త్రీ కింద కూలీ. ఆమె మూడో తరగతితో బడి మానేసి, పదకొండో ఏట ఫోరస్ రోడ్ దగ్గరి ఒక బైండింగు దుకాణంలో కాగితాలు మడత పెట్టే పనికి చేరింది. అక్కడికి తెలుగు పెళ్ళిపత్రికలు, పంచాంగాలు, భజన పుస్తకాలు వచ్చేవి. అచ్చు సరిగ్గా పడని కాగితాలను ఇంటికి తెచ్చుకుని, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ తెలుగు చదవడం నేర్చుకుంది. నేర్పినవాళ్ళు లేరు. మిల్లులో పనిచేసే భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. దుకాణం మూతపడ్డాక కూడా సూది, దారం వదల్లేదు. రెండు ప్రెస్సుల్లో మిగిలిపోయే కాగితపు ముక్కలను అడిగి తెచ్చి నోట్‌బుక్కులు కుడుతుంది. ఆమె కుట్టిన పుస్తకం ఎక్కడ తెరిచినా బల్లపరుపుగా పడుకుంటుంది, దానంతట అది మూసుకోదు.

ఆ పుస్తకాల్లో రాయడానికి పదమూడు మంది పిల్లలున్నారు. అందరూ ఎనిమిది నుంచి పదో తరగతి లోపువాళ్ళు. బడిలో మరాఠీయో ఇంగ్లీషో, గల్లీలో హిందీ. తెలుగు అవ్వలతో మాత్రమే. అక్షరాలైనా నేర్పమని తల్లులు అడిగితే, గదుల ముందు పొడుగాటి గ్యాలరీలుండే తమ చాల్ భవనం కింది అంతస్తులోని భజన మండలి గదిలో సాయంత్రం అయిదున్నరకు కూర్చోబెట్టింది. నాలుగు నెలల్లో అక్షరాలు వచ్చేశాయి. తర్వాత ఏం చేయాలో తెలియక, రోజుకొక ప్రశ్న బోర్డు మీద రాసి, దానికి జవాబు రాయమనడం మొదలుపెట్టింది.

మొదటి రోజు, పెద్దయ్యాక ఏమవుతారని అడిగింది. పదమూడు పుస్తకాల్లో ఒకటే జవాబు, డాక్టరై పేదలకు సేవ చేస్తానని. తను కుట్టే పుస్తకాలు కూడా ఇంత ఒకేలా రావని ఆమె అంది. ఆ తర్వాత మరి అలాంటి ప్రశ్న వేయలేదు. చూసి, ముట్టుకుని, విని జవాబు చెప్పగలిగేదే ప్రశ్న అని తేల్చుకుంది. మీ ఇంటికి ఎన్ని మెట్లు, ఏ మెట్టు కిర్రుమంటుంది? నీళ్ళొచ్చే వేళ మీ గ్యాలరీలో మొదటి బకెట్ ఎవరిది, ఎందుకు వాళ్ళదే? ఇవాళ మీ చేతులతో ఏం బాగు చేశారు? అప్పుడు పిల్లలు రాశారు. తలెత్తకుండా రాశారు.

నియమాలు మూడు. తేదీ వేయాలి. రాసింది రత్నాబాయి తప్ప ఎవరూ చదవరు. మరాఠీ మాట, హిందీ మాట కనబడితే ఎర్ర పెన్సిల్‌తో గీత పడుతుంది. ఈ మూడోది పిల్లలకు కష్టమైంది. మాటలు ఆ భాషకూ ఈ భాషకూ మధ్య ఎక్కడ పడితే అక్కడ తిరుగుతుంటాయి. బొంబాయి బళ్ళలో పంతులమ్మను బాయి అంటారు. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కూలీల పిల్ల ఒకతె మొదటి రోజు ఆ పిలుపు విని పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళ ఊళ్ళో బాయి అంటే నీళ్ళు తోడుకునే బావి. “అయితే తోడుకోండి, ఎండిపోయేదాంక,” అంది రత్నాబాయి.

ఆ సోమవారం ప్రశ్న, మీ ఇంట్లో రోజూ వినబడే ఒక చప్పుడు గురించి రాయండి. దర్శన రాసింది ఇంతే:

“బాబాకు రోజూ రాగం వస్తది. ఆఫీసు నుంచి వచ్చినంక వస్తది. అమ్మ టీవీ సౌండు పెంచుతది. నేను తలుపు కాడ కూచుంట. రాగం పోయినంక అన్నం తింటం.”

బాబా అంటే దర్శన తండ్రి అతుల్. ఒక ఆఫీసులో ప్యూను. పేరు మాత్రం గొంతుతో వచ్చింది. గురువారం మండలి గదిలో హార్మోనియం ముందు అతను కూర్చుంటే వర్లి నుంచి, ధారావి నుంచి కూడా తెలుగువాళ్ళు వస్తారు. అలాంటివాడి కూతురు రాగం అని రాస్తే రత్నాబాయి దాన్ని రాగంగానే చదివింది. రోజూ వినీ వినీ విసుగొచ్చి భార్య టీవీ పెంచుతోంది కాబోలనుకుని నవ్వుకుంది కూడా. సౌండు అన్న మాట కొట్టేసి చప్పుడు అని దిద్దింది. కింద రాసింది: “బాగుంది. ఏ రాగమో నాన్నను అడిగి రాయి.”

మంగళవారం పొద్దున, కింది అంతస్తువాళ్ళు కూడా పట్టుకునే రెండో అంతస్తు నల్లా దగ్గర అతుల్ బకెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నుదుట సన్నటి బొట్టు. అతని గదికి గోడ పక్క గదిలో ఉండే కిష్టమ్మ గడపలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. రత్నాబాయి ఒక మంచి మాట చెబుతున్నాననుకుంది.

“నీ బిడ్డ నీ గురించి రాసింది అతుల్. బాబాకు రోజూ రాగం వస్తదని రాసింది.”

కిష్టమ్మ వేళ్ళు కూర మీద ఆగిపోయాయి. బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్నా అతుల్ నల్లా కట్టేయలేదు.

“గట్ల రాసిందా,” అన్నాడు. “ఇంకేం రాసింది?”

“అది మాత్రం చెప్ప. నేను తప్ప ఎవ్వరు చదవరని పిల్లలకు మాటిచ్చిన.”

అతుల్ నవ్వాడు. పుస్తకాలు ఎక్కడ పెడతారని అడిగాడు. మండలి గదిలో రేకు పెట్టెలో, తాళంచెవి తన నడుముకే ఉంటుందని ఆమె చెప్పింది. అతను తలూపి, నల్లా కట్టేసి, బకెట్ ఎత్తుకుని వెళ్ళాడు. రాగమంటే అతనికి ఒకటే అర్థమైంది. పక్క గదామె ముందు ముసలామె నవ్వుతూ తన ఇంటి గుట్టు విప్పిందని, ఇంకా చాలా తన దగ్గర దాచుకున్నానని బెదిరించిందని అతను అనుకుని ఉంటాడు. వెళ్ళేటప్పుడు అతని మొహంలో అది కనబడుతూనే ఉంది. రత్నాబాయికి అది తట్టలేదు.

ఆ సాయంత్రం దర్శన రాలేదు. జ్వరమని ఆమె స్నేహితురాలు రుతుజ చెప్పింది.

బుధవారం కూడా రాలేదు. ఆ రోజు ప్రశ్న రత్నాబాయికి ఇష్టమైనది. ఈ వారం మీ ఇంట్లో ఏది విరిగింది, ఎవరు ఎలా బాగు చేశారు? రుతుజ పుస్తకంలో ఇలా ఉంది: “అక్కకు రాగం వచ్చి మిక్సీ మూత ఇసిరింది. మూత పగిలింది. నేను గమ్ముతో అంటించిన.”

“రాగమొస్తే పాడాలె గానీ, మూత ఇసురుడేంది పోరీ?” అంది రత్నాబాయి.

పిల్లలంతా నవ్వారు. రుతుజ ఎక్కువ నవ్వింది. “పాడుడేంది బాయి? రాగ్. రాగ్ వస్తే ఇసరరా?”

“మరి రాగం అని ఎందుకు రాసినవ్?”

“మరాఠీ మాట రాస్తే మీరు గీత కొడతరు గదా. సున్నా పెడితే తెలుగైతదని దర్శన చెప్పింది.”

రత్నాబాయి ఎర్ర పెన్సిల్ కింద పెట్టింది. తర్వాత పిల్లలను ఇళ్ళకు వెళ్ళమంది. ఇంకా అరగంట ఉందని ఒకరు గుర్తు చేస్తే కూడా వెళ్ళమంది. గదిలో ఎవరూ లేకుండా చూసి, పెట్టె తెరిచి, దర్శన నోట్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి చదివింది.

ఇంట్లో బరువైన వస్తువు ఏది అన్న ప్రశ్నకు దర్శన జవాబు: “లాట్నె. రాగం వచ్చే టైముకు అమ్మ దాన్ని పిండి డబ్బాల దాస్తది.” లాట్నె మరాఠీ మాట కాబట్టి దాన్ని కొట్టేసి, పైన చపాతీ కర్ర అని ఎర్రగా దిద్ది ఉంది. మీకు ఇష్టమైన బట్టలు ఏవి అంటే, “ఫుల్ చేతుల డ్రెస్సు. ఎండాకాలం గూడ అదే.” పక్కన ఎర్రగా, “బాగుంది.” ఆదివారం ఎలా గడుస్తుంది అంటే, “ఆదివారం రాగం పొద్దుగాలనే వస్తది. మేం గురువారం కోసం చూస్తం. భజన రోజు బాబాకు రాగం రాదు.” దాని కింద రత్నాబాయి రాసింది: “భజన రోజున రాగం రాకపోవడమేమిటి? వాక్యం సరిచూడు.”

అలాంటివి ఆరు పేజీలు. మూడు నెలలుగా ఆ పిల్ల చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఆమె అక్షరం దిద్ది తిరిగి ఇచ్చింది.

నల్లా దగ్గర తను ఏమందో అప్పుడు గుర్తొచ్చింది. నోట్‌బుక్ లోపల పెట్టి పెట్టెకు తాళం వేసింది.

పైకి వెళ్ళి ముందు కిష్టమ్మ తలుపు తట్టింది. కిష్టమ్మ ఆమెను లోపలికి లాగి తలుపు మూసింది. ఆ గదిలో మాట్లాడితే పక్క గదికి వినబడుతుంది కాబట్టి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడారు.

“నీకు ఎరుకేనా?” అంది రత్నాబాయి.

“గోడకు ఇవతల ఉన్నదాన్ని, ఎరుక లేకేం. గ్యాలరీల అందరికి ఎరుకే. నల్లాకాడ నువ్వు అట్లంటే, రత్న ఎంత ధైర్యం చేసింది అనుకున్న.”

ధైర్యం చేయలేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. మంగళవారం రాత్రి ఏమైందని అడిగింది. టీవీ సౌండు ఎప్పటికంటే ఎక్కువ పెట్టారని, తనకు ఏమీ వినబడలేదని కిష్టమ్మ చెప్పింది. ఆ మాట చెబుతూ కళ్ళు దించుకుంది.

అతుల్ తలుపు తానే తీశాడు. లోపల టీవీ నడుస్తోంది. భార్య సంధ్య పొయ్యి ముందు నిలబడి ఉంది, తిరిగి చూడలేదు. గది మధ్యలో కట్టిన తెర కింద దర్శన పాదాలు కనబడ్డాయి. అవి కదల్లేదు.

“జ్వరం తగ్గలే బాయి,” అన్నాడు అతుల్. గొంతు భజనలో ఉన్నంత మెత్తగా ఉంది. “ఆ పుస్తకం రేపు భజన కంటె ముందు తెచ్చియ్యి. నేను సదివినంక పంపిస్త.”

పుస్తకం ఇంకొకరికి చూపించనని మాటిచ్చానని ఆమె అంది. అతను ఆ మాట విననట్టే, మండలి గది ఆమెకు ఎవరు ఇప్పించారో గుర్తుందా అని అడిగాడు. అతనే ఇప్పించాడు. రేపు తెస్తానని ఆమె ఒప్పుకుంది. మెట్లు దిగి తన గదికి వచ్చింది.

పుస్తకం ఇస్తే ఆ ఆరు పేజీలకూ దర్శన జవాబు చెప్పుకోవాలి. ఇవ్వకపోతే ఆ తలుపు తెరుచుకోదు. పోలీసులను పిలిస్తే వాళ్ళు వచ్చి అడుగుతారు, సంధ్య ఏమీ లేదంటుంది, వాళ్ళు వెళ్ళిపోతారు, తలుపు మూసుకుంటుంది. రత్నాబాయి ఎటు తిరిగి ఆలోచించినా ఆ మూసుకునే తలుపు దగ్గరికే వచ్చింది. సంధ్యతో ఒక్కసారి విడిగా మాట్లాడాలి. అది జరగాలంటే, ఈ ముసలిదానికి ఏమీ తెలియదని అతను ముందు నమ్మాలి.

గురువారం మధ్యాహ్నం తన గది తలుపు గడియ పెట్టుకుని దర్శన నోట్‌బుక్ కుట్టు విప్పింది. ఒక పుస్తకంలోంచి ఒక్క ఆకు తీయడం కుదరదు. కాగితం మధ్యకు మడిస్తే రెండు ఆకులవుతాయి, ఒకటి చింపితే రెండోది ఊడి వస్తుంది. కాబట్టి ఆ జవాబులున్న కాగితాలను జంట ఆకులతో సహా మొత్తంగా లాగేసింది. వాటితోపాటు మెట్ల గురించి, నీళ్ళ బకెట్ గురించి ఆ పిల్ల రాసుకున్న మంచి పేజీలు కూడా పోయాయి. పుస్తకం పలచబడకుండా చివర తెల్ల కాగితాలు చేర్చింది. కొత్త దారం తెల్లగా కనబడుతుందని టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టింది. పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చింది. సోమవారం రాసిన పేజీని మాత్రం ఉంచింది. ఆ మాట అతనికి ఎలాగూ తెలుసు. దాని కింద తను రాసిన ఎర్ర అక్షరాలు అతను చూడాలి.

యాభై ఏళ్ళుగా చేసిన పనే. అయినా సూది రెండుసార్లు వేలిలో గుచ్చుకుంది. రక్తం కాగితానికి అంటకుండా వేలిని నోట్లో పెట్టుకుంది.

సాయంత్రం అతుల్ గడప దగ్గర నిలబడి, బయటి వెలుతురులో ఒక్కో పేజీ తిప్పాడు. అతను తెలుగు భజన పుస్తకాలు చూసి పాడతాడు కాబట్టి చదవగలడు, కానీ నెమ్మదిగా, అక్షరాలు కూడబలుక్కుంటూ. మధ్యలో బొటనవేలితో పుస్తకం వెన్ను నిమిరాడు. ఆ వేలు కుట్టు మీద ఆగింది. వేలు మళ్ళీ కదిలింది.

సోమవారం పేజీ వచ్చింది. అతను పైకి చదివాడు. ఎర్ర అక్షరాలు కూడా చదివాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

“ఏ రాగమో అడగమన్నవా బాయి?”

“నాకు పాటలు ఎరుక లేదు గదా,” అంది రత్నాబాయి. కొంగులోంచి పెన్సిల్ తీసి ముందుకు చాపింది. “పేరు చెప్తే పిల్ల రాసుకుంటది. అంత మంచిగ పాడెటోడు ఇంట్ల ఉంటే మీ ఇంటామె టీవీ పెంచుడేంది?”

అతుల్ నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత గ్యాలరీ అంతా వినబడేలా. “ఇన్నవా సంధ్యా? బాయి ఏమంటుందో ఇన్నవా?” అన్నాడు. తెర వైపు తిరిగి కూతుర్ని పిలిచాడు. “బాబాకు వచ్చే రాగం భీంపలాస్ అని రాయి.”

దర్శన బయటికి వచ్చింది. పొడుగు చేతుల డ్రెస్సు. ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. గడప మీద పుస్తకం పెట్టుకుని, తండ్రి చెప్పిన మాట రాసింది. పెన్సిల్ తిరిగి ఇచ్చేటప్పుడు రత్నాబాయి వైపు ఒకసారి చూసింది. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది. అందాకా రత్నాబాయి భయపడింది అతుల్‌కు. ఆ చూపుకు అంతకంటే ఎక్కువ భయపడింది.

ఆ రాత్రి భజనలో ఆమె ఎప్పటిలాగే వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మానితే అతను గమనిస్తాడు.

శుక్రవారం దర్శన తరగతికి వచ్చింది. రత్నాబాయి బోర్డు మీద రాసిన ప్రశ్న, మీరు రాసినదాన్ని చదివినవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటే ఏం చేస్తారు? మిగతా పిల్లలు చెవులు, తలలు గోక్కుంటూ అర పేజీ రాశారు. దర్శన ఒకే వాక్యం రాసి పుస్తకం మూసేసింది. “ఇంకోసారి రాయను.”

పిల్లలంతా వెళ్ళేవరకు రత్నాబాయి ఏదో ఒక పని చెప్పి దర్శనను ఆపింది. తర్వాత జాకెట్‌లోంచి మడిచిన కాగితాలు తీసి ముందు పెట్టింది. కుట్టు విప్పి తీసిన కాగితాలు. ప్రతి రాగం మీదా ఎర్ర గీత, పైన కోపం అన్న మాట. ఆ ఎర్ర పెన్సిల్‌తోనే, తను అంతకుముందు రాసిన బాగుంది, సరిచూడు, చపాతీ కర్ర అన్నవన్నీ తానే కొట్టేసింది.

దర్శన ఒక్కో కాగితం చూసింది. చాలాసేపు చూసింది.

“మీకు ఎప్పుడు సమజైంది?”

“మొన్న. ఆలస్యమైంది బిడ్డా. నల్లాకాడ నేను నోరు జారకపోతే నీ చెయ్యి ఇట్లయ్యేది గాదు.”

పిల్ల కాగితాలు మడిచి స్కూలు బ్యాగులో, లెక్కల పుస్తకం మధ్యన పెట్టుకుంది. వాళ్ళ నాన్న చూస్తే ఎట్లా అని రత్నాబాయి భయపడితే, అతను లెక్కల పుస్తకం ఎప్పుడూ తెరవడని చెప్పింది. “అమ్మకు చూపిస్త. అమ్మకు తెలుగు సదువ వస్తది,” అంది.

ఆ రాత్రంతా రత్నాబాయి పై అంతస్తు వైపు చెవి పెట్టి పడుకుంది. టీవీ చప్పుడు పెరిగినప్పుడల్లా లేచి కూర్చుంది.

శనివారం పొద్దున అతుల్ ఆఫీసుకు వెళ్ళిన పావుగంటకు సంధ్య వచ్చింది. ఒక ఆఫీసులో నేల తుడిచే పని ఆమెది. ఆ యూనిఫారంలోనే ఉంది. పనికి వెళ్ళలేదు. చేతిలో ఆ కాగితాలు. కూర్చోమంటే కూర్చోలేదు. చాలాసేపు ఏడ్చిన మొహం, కానీ అప్పుడు ఏడవడం లేదు.

“టీవీ పెంచితే పిల్లకు ఇనబడదనుకున్న బాయి,” అంది.

ఇద్దరూ కలిసి దర్శనను బడి నుంచి తీసుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్ళారు. దారి పొడుగునా రత్నాబాయి వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. తెల్ల చొక్కా వేసుకున్న ప్రతి మనిషీ అతనిలాగే కనబడ్డాడు. స్టేషన్‌లో రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. తర్వాత ఒక మహిళా పోలీసు కాగితాలు అడిగింది. తెలుగు అని చూసి పక్కన పెట్టబోయింది. రత్నాబాయి వాటిని తీసుకుని, వాక్యం వాక్యం మరాఠీలో చెప్పింది. దర్శన తల దించుకుని వింది. ఒకచోట మాత్రం తలెత్తి, అది చేత్తో కాదు, కర్రతో అని సరిదిద్దింది. సంధ్య ఆ మాటకు కళ్ళు మూసుకుంది. తర్వాత మిగతాది తానే చెప్పింది. రాసుకున్నారు, ఆస్పత్రికి పంపి చెయ్యి చూపించారు, అతుల్‌ను పిలిపించారు.

తల్లీకూతుళ్ళు ఆ రోజే వర్లిలో సంధ్య చెల్లెలి ఇంటికి వెళ్ళారు. కేసు ఇంకా నడుస్తోంది. దర్శన అక్కడి నుంచే బడికి వస్తుంది. తరగతికి వారంలో రెండు రోజులు వస్తుంది. ఆ రోజుల్లో రుతుజ, ఇంకో ఇద్దరు పిల్లలు బస్టాపు దాకా ఎదురు వెళ్ళి తీసుకొస్తారు, మళ్ళీ దిగబెడతారు. మండలి గది ఇప్పుడు దొరకదు. కిష్టమ్మ గది ముందు గ్యాలరీలో చాప వేసి కూర్చుంటారు. ఆమె గడపలో కూర్చుని కూర ఒలుస్తూ మెట్ల వైపు చూస్తూ ఉంటుంది. మూడో నియమాన్ని రత్నాబాయి ఎత్తేసింది. ఏ భాష మాటైనా రాయొచ్చు. అర్థం కానిది కనబడితే ఆమె గీత కొట్టదు, పిల్లను పిలిచి అడుగుతుంది.

అతుల్ బెయిలు మీద ఆ గదిలోనే ఉంటున్నాడు. పిల్ల వచ్చే వేళకు అతను గ్యాలరీలోకి రాకూడదని పోలీసులు అతని చేత రాయించుకున్నారు, రావడం లేదు. గురువారం ఇప్పటికీ పాడతాడు. వినేవాళ్ళు కొంత తగ్గారు, అంతే. పొద్దున నల్లా దగ్గర మాత్రం రత్నాబాయి కోసమే నిలబడినట్టు నిలబడతాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి బొట్టు. ఆమె బకెట్‌కు దారి ఇచ్చి, చేతులు జోడిస్తాడు.

“ఇవాళ ప్రశ్న ఏంది బాయి?”

రోజూ అదే అడుగుతాడు. తప్పుకుపోతే భయపడిందని అతనికి తెలిసిపోతుంది, అందుకే ఆమె రోజూ ఆగి, ఆ రోజు బోర్డు మీద రాయబోయే ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా అతనికి చెబుతుంది. చెప్పాక బకెట్ ఎత్తుకుని నడుస్తుంది. గదికి చేరేసరికి సగం నీళ్ళు ఒలికిపోయి ఉంటాయి.